ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ: బరంపురమా, విశాఖపట్నమా, హైదరాబాదా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో ఇంగ్లీషు ఎం.ఏ. ముగించిన తెలుగు విద్యార్థి పీహెచ్‌డీ మాట ఎత్తగానే, ఇంట్లోనూ కాలేజీ స్టాఫ్ రూములోనూ ముందుగా వినిపించే ప్రశ్న "ఒడిశాలోనే చేస్తావా, ఆంధ్రాకు వెళ్తావా?" అన్నదే. సరిహద్దు జిల్లాల్లో పుట్టినవారికి ఈ ప్రశ్న పదో తరగతి నుండి అలవాటే కాబట్టి పీహెచ్‌డీ దగ్గర కూడా అదే అడుగుతారు. కాని ఎంపికను అక్కడ మొదలుపెట్టడం వల్ల చాలామంది అసలు చూడవలసిన వాటిని ఆలస్యంగా చూస్తున్నారని నా అభిప్రాయం. పట్టా విషయంలో రెండు రాష్ట్రాల్లోనూ అమలయ్యే కనీస నియమాలు ఒక్కటే. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 2022 నవంబరు 7న ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలే బరంపురంలోనూ, విశాఖలోనూ, హైదరాబాదులోనూ వర్తిస్తాయి. ఊరు మారితే మారేవి ప్రవేశ మార్గం, దొరికే గైడు, కోర్సువర్క్ (పరిశోధకులు మొదట పూర్తిచేయవలసిన తరగతులు) కాలంలో మీరు ఉండవలసిన చోటు, నెలనెలా చేతికందే డబ్బు. పోలిక ఈ నాలుగింటి మధ్య జరగాలి.

ముందుగా అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూద్దాం. మూడేళ్ళ డిగ్రీ తరువాత రెండేళ్ళ ఎం.ఏ. చేసినవారికి కనీసం 55 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీ లేయరులో లేని ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ళ డిగ్రీ చేసినవారు 75 శాతం మార్కులుంటే ఎం.ఏ. లేకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఎం.ఫిల్. కొత్తగా ఎక్కడా నడపరాదని అదే నిబంధనలు తేల్చాయి కాబట్టి, "ముందు ఎం.ఫిల్. చేసి చూద్దాం" అన్న పాత తరం సలహా ఇప్పుడు పనికిరాదు. కోర్సువర్క్‌తో కలిపి కనీస వ్యవధి మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. మళ్ళీ రిజిస్టరు చేసుకుంటే మరో రెండేళ్ళు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళు అదనం, అంటే మొత్తం పదేళ్ళ దాకా గడువు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు దొరుకుతుంది.

మహిళల విషయంలో ఇంకొక నియమం ఉంది. సరిహద్దు కుటుంబాలకు ఇది ఎంతగా ఉపయోగపడేదో అంతగా ఎవరికీ తెలియనిది. బరంపురంలో చేరిన అమ్మాయికి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెళ్ళి కుదరడం మన వైపు రోజూ చూసేదే. అలా ఊరు మారినప్పుడు, ఇతర షరతులు నెరవేరితే, అప్పటిదాకా చేసిన పరిశోధన సమాచారాన్ని కొత్త సంస్థకు బదిలీ చేసుకునే వీలును నిబంధనలు కల్పించాయి. పెళ్ళయితే పీహెచ్‌డీ మధ్యలో ఆగిపోతుందన్న భయంతో దరఖాస్తే పెట్టనివారు ఈ నియమాన్ని తమ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ విభాగంలో అడిగి, ఆచరణ ఎలా ఉందో తెలుసుకోవాలి.

ప్రవేశ మార్గాలు

నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష, ద్వారా అర్హత ఇప్పుడు మూడు రకాలుగా వస్తుంది. జేఆర్ఎఫ్‌తో, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పుతో వచ్చినవారు ఫెలోషిప్పుకూ, అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగానికీ, పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హులు. రెండో రకానికి ఫెలోషిప్పు ఉండదు. మూడో రకం కేవలం పీహెచ్‌డీ ప్రవేశానికి పనికివస్తుంది. ఈ ఏర్పాటు 2024 జూన్ పరీక్ష నుండి వచ్చింది. జేఆర్ఎఫ్ వారిని ఇంటర్వ్యూ ఆధారంగా తీసుకుంటారు. మిగిలిన రెండు రకాలవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి కాబట్టి ఫలితం వచ్చాక తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి లేదు. విశ్వవిద్యాలయం తానే ప్రవేశ పరీక్ష పెట్టుకుంటే అందులో సగం పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ప్రశ్నలుంటాయి. కనీసం 50 శాతం తెచ్చుకోవాలి. ఇక్కడా వెయిటేజీ 70, 30 చొప్పునే.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఉమ్మడి పరిశోధన ప్రవేశ పరీక్ష, అంటే ఏపీఆర్‌సెట్ ద్వారా అభ్యర్థులను తీసుకుంటున్నాయి. పర్లాకిమిడివారు పాతపట్నం మీదుగా వెళ్ళగల ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమూ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమూ ఈ వరుసలోనివే. ఇక్కడ సరిహద్దు విద్యార్థి ముందే సర్దుకోవలసిన చిక్కు కుల ధ్రువీకరణ పత్రం. ఒడిశా తహసీల్దారు ఇచ్చిన పత్రం ఆంధ్రా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రిజర్వేషనుకు చెల్లుతుందనుకోవడం పొరపాటు. రాష్ట్ర సంస్థలు సాధారణంగా తమ రాష్ట్ర వాసులకే ఆ కోటా ఇస్తాయి. పైగా ఒకే కులం శ్రీకాకుళం జిల్లాలో ఒక జాబితాలో, గంజాం జిల్లాలో మరో జాబితాలో ఉండవచ్చు, అసలు ఏ జాబితాలోనూ లేకపోవచ్చు. కేంద్ర విశ్వవిద్యాలయాలకు కావలసింది కేంద్ర ఓబీసీ జాబితా ప్రకారం తీసుకున్న పత్రం, ఆ జాబితా కూడా రాష్ట్రాలవారీగానే ఉంటుంది. దరఖాస్తు గడువు దగ్గర పడ్డాక తహసీలు కార్యాలయం చుట్టూ తిరిగే పని పెట్టుకోకండి.

ఒడిశా వైపు బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. 1967లో ఏర్పడిన ఈ సంస్థ ఆవరణకు ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు మీద భంజ విహార్ అని పేరు. కొరాపుట్టు జిల్లా సునాబెడలో ఆవరణ ఉన్న ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో వచ్చింది. జయపురంలోని విక్రమదేవ్ కళాశాల కూడా ఈ మధ్య విశ్వవిద్యాలయమైంది. ఆ పేరు మోస్తున్న జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రాసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత కూడా. విశాఖలోని ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు జయపురం పేరే ఉంది. మన ప్రాంతపు చదువులు రాష్ట్రపు గీతకు రెండు వైపులా ఎప్పటినుండో అల్లుకుని ఉన్నాయి కాబట్టి, ఏ వైపు వెళ్ళినా పరాయి చోటికి వెళ్ళినట్టు భావించనక్కరలేదు.

కొత్త విశ్వవిద్యాలయాల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త కావాలి. పోటీ తక్కువగా ఉండవచ్చు, ఇల్లు దగ్గర కావచ్చు. అయితే పరిశోధనకు గైడుగా ఉండగలిగేది పూర్తికాలపు, శాశ్వత అధ్యాపకులే. గెస్టు ఫ్యాకల్టీతో నడిచే శాఖలో ఆకర్షణీయమైన ప్రాస్పెక్టసు ఉన్నా, మీ విషయానికి గైడు దొరకకపోవచ్చు. వెబ్‌సైటులో శాఖ పేరు చూసి ఆగిపోకుండా, అధ్యాపకుల పేర్లు, హోదాలు, ప్రచురణలు ఒక్కొక్కటిగా చూడండి.

హైదరాబాదు సంగతి వేరు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు శాఖతో పాటు తులనాత్మక సాహిత్య కేంద్రమూ, అనువాద అధ్యయనాల కేంద్రమూ ఉన్నాయి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ చదవగలిగిన సరిహద్దు విద్యార్థికి ఈ రెండు కేంద్రాలు ఇంగ్లీషు శాఖ కంటే ఎక్కువ కలిసిరావచ్చునన్నది చాలామందికి తట్టదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషుగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) సాహిత్యం, భాషాశాస్త్రం, ఇంగ్లీషు బోధన వేర్వేరు మార్గాలుగా ఉంటాయి. అమెరికన్ సాహిత్యం మీద పనిచేయదలచినవారికి ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటరుగా ఏర్పడిన కేంద్రపు గ్రంథాలయం, వారు మరెక్కడ చేరినా, వెళ్ళి కొన్ని వారాలు కూర్చుని చదవదగినది.

డబ్బు, ఉద్యోగం

జేఆర్ఎఫ్ ఉంటే 2023 జనవరి 1 నుండి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు వస్తాయి. హాస్టలు లేనివారికి ఇంటి అద్దె భత్యం వేరు. ఇంత డబ్బు చేతికొచ్చేవారు బరంపురం, హైదరాబాదు అని దూరం లెక్క వేసుకోనవసరం లేదు, మంచి గైడు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాలి. జేఆర్ఎఫ్ రానివారికి కేంద్ర విశ్వవిద్యాలయాలలో నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్పు చాలాకాలంగా ఉంది. హైదరాబాదులో అది భోజనానికీ పుస్తకాలకూ సరిపోతే గొప్ప, సునాబెడలో కాస్త నిలదొక్కుకోవచ్చు. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తోంది. రాయగడ, గజపతి జిల్లాల సవర, కొంధు విద్యార్థులు మన కాలేజీలలో ఉన్నారు, వారికి ఈ సంగతి అధ్యాపకులే పనిగట్టుకుని చెప్పాలి.

ఉద్యోగంలో ఉన్నవారికి పార్ట్‌టైము మార్గం ఉంది. పార్ట్‌టైము అన్నంత మాత్రాన పట్టా విలువ తగ్గదు, పని కూడా తగ్గదు. అర్హతలు, కోర్సువర్క్, సమీక్షలు, థీసిస్ పరీక్ష అన్నీ అవే. అదనంగా కావలసింది యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఆ పత్రంలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: మీరు పార్ట్‌టైముగా చదవడానికి అనుమతి ఇస్తున్నామని, మీ విధులు పరిశోధనకు తగినంత సమయం మిగులుస్తాయని, అవసరమైతే కోర్సువర్క్ పూర్తి చేయడానికి మిమ్మల్ని విధుల నుండి విడిచిపెడతామని. మొదటి రెండు వాక్యాలు రాయడానికి ఏ ప్రిన్సిపాలూ పెద్దగా సంకోచించరు. పేచీ అంతా మూడో వాక్యం దగ్గరే. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేసేవారు ఆ వాక్యం రాయించుకోకుండా, "అప్పుడు చూద్దాం లెండి" అన్న మాట మీద చేరితే, మొదటి ఏడాదే తరగతుల హాజరు దగ్గర ఇరుక్కుంటారు. గుణుపురంలో పాఠాలు చెబుతూ విశాఖలో కోర్సువర్క్ చేయాలంటే ఒక సెమిస్టరు దాకా జీతం వదులుకోవలసి రావచ్చునని ముందే లెక్క వేసుకోండి. బరంపురంలో ఉద్యోగం చేసేవారికి భంజ విహారే సబబు. రాయగడవారికి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకు రైలు ఉన్నా, రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు.

దూరవిద్య గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. దూరవిద్యలో గాని ఆన్‌లైనులో గాని పీహెచ్‌డీ నడపరాదని నిబంధనలే చెబుతున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో ఆన్‌లైను పీహెచ్‌డీ అమ్మే ప్రకటనలను నమ్మవద్దని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులో హెచ్చరించాయి. "ఇంటి నుండే డాక్టరేటు" అన్న కరపత్రం చేతికొస్తే మడిచి పక్కన పెట్టండి.

పీహెచ్‌డీ చేస్తే నెట్ అక్కరలేదనుకునేవారు ఇంకా ఉన్నారు. 2023 జూలై 1 నుండి అసిస్టెంట్ ప్రొఫెసరు నియామకానికి కనీస అర్హత నెట్, లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్ అనీ, పీహెచ్‌డీ ఐచ్ఛికమనీ యూజీసీ ప్రకటించింది. సెట్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. ఆంధ్రా సెట్ పాసై పర్లాకిమిడిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు, నెట్ అయితే రెండు వైపులా చెల్లుతుంది. కాబట్టి నెట్ లేకుండా పీహెచ్‌డీలో చేరినా, చదువుతున్నంతకాలం నెట్ రాస్తూనే ఉండటం మంచిది.

గైడు

ఇదంతా చూశాక కూడా నా దృష్టిలో తూకం మొగ్గేది గైడు వైపే. ఒక ప్రొఫెసరు ఒకే సమయంలో ఎనిమిదిమందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. అందుచేత మీకు నచ్చిన ఆచార్యుడి దగ్గర ఖాళీ ఉందో లేదో ముందు తెలియాలి. రిటైరు కావడానికి మూడేళ్ళ లోపు సర్వీసు మిగిలినవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. అప్పటికే ఉన్న విద్యార్థులకు మాత్రం పదవీ విరమణ దాకా, ఆ తరువాత 70 ఏళ్ళ వయసు వరకు కో-గైడుగా కొనసాగవచ్చు. నాలుగేళ్ళ సర్వీసు మిగిలిన పేరున్న ఆచార్యుడి దగ్గర చేరితే నిబంధనకు అడ్డం రాదు, కాని మీ థీసిస్ చివరి అధ్యాయాల దగ్గరికి వచ్చేసరికి ఆయన సంతకం పెట్టే స్థానంలో ఉండరు. గౌరవంగానే అడగవచ్చు: "సార్, తమకు ఇంకా ఎన్నేళ్ళ సర్వీసు ఉందండీ?" ఈ ప్రశ్నకు నొచ్చుకునే ఆచార్యులు తక్కువ.

అదే గైడు దగ్గర ఇప్పటికే చేస్తున్నవారిని కలవండి. అధ్యాయం ఇచ్చాక దిద్ది తిరిగి ఇవ్వడానికి ఎన్నాళ్ళు పడుతోంది, దిద్దుబాటు ఇంగ్లీషు తప్పులకే పరిమితమా, వాదం మీద కూడా ఉంటుందా, గత అయిదేళ్ళలో ఆయన దగ్గర ఎంతమంది సబ్మిట్ చేశారు అన్నవి మూడు పూటల్లో తేలిపోయే విషయాలు. ఆయన చేయించిన పాత థీసిస్‌లు శోధగంగ అనే జాతీయ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రెండు తెరిచి ఉపోద్ఘాతమూ ముగింపూ చదివితే, ఆ గైడు చేతిలో మీ పని ఎలా తయారవుతుందో తెలుస్తుంది. నా మట్టుకు నేను ర్యాంకింగుల పట్టిక కంటే దీన్నే నమ్ముతాను.

గైడు ఒకచోట, నైపుణ్యం మరోచోట ఉన్నప్పుడు వేరే సంస్థ నుండి కో-గైడును తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది. బరంపురంలో రిజిస్టరు చేసుకుని, తెలుగు తెలిసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ అధ్యాపకుణ్ణి కో-గైడుగా పెట్టుకోవడం సరిహద్దు విద్యార్థికి చక్కని అమరిక. విశ్వవిద్యాలయం ఆమోదం కావాలి, ఇద్దరు పెద్దల మధ్య అభిప్రాయ భేదం వస్తే నలిగేది మీరేనన్న ఎరుకా కావాలి.

విషయం ఎంపిక

ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ అంటే బ్రిటిషు కవులో అమెరికన్ నవలాకారులో ఉండాలనే పట్టింపు మన కాలేజీలలో ఇంకా పోలేదు. అది తప్పేమీ కాదు, అయితే దానికి తగిన గ్రంథాలయం కావాలి. షేక్‌స్పియరు మీద ఇప్పటిదాకా వచ్చిన విమర్శలో కొత్తగా ఏం చెబుతున్నారో చూపించాలంటే ఇటీవలి పత్రికలు, ప్రచురణలు చదవగలగాలి. ఆ వసతి హైదరాబాదులో దొరికినంతగా చిన్న ఊళ్ళో దొరకదు. మన ప్రాంతపు విషయాలలో పరిస్థితి తిరగబడుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చి, సవర వ్యాకరణాన్నీ నిఘంటువునూ ఇంగ్లీషులో తయారుచేసిన గిడుగు రామమూర్తి పని మీద, లేదా కొరాపుట్టు గిరిజన జీవితం మీద ఒడియాలో నవలలు రాసి 1973 జ్ఞానపీఠ పురస్కారాన్ని పంచుకున్న గోపీనాథ్ మహంతి రచనల ఆంగ్లానువాదాల మీద పనిచేసేవారికి, మూలాలు, భాష తెలిసినవారు, స్థలాలు అన్నీ ఒక బస్సు ప్రయాణంలో ఉంటాయి.

ఇంటర్వ్యూలో సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఎలా తేలిపోతుందో దగ్గరగా చూద్దాం. "గోపీనాథ్ మహంతి నవలల ఆంగ్లానువాదాలలో గిరిజన జీవిత చిత్రణ: ఒక అధ్యయనం" అని శీర్షిక పెడితే కమిటీలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "చిత్రణలో ఏమిటి?" అని. దానికి జవాబు లేకపోతే మిగిలిన పది పేజీలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అదే శీర్షికను, నవలలోని బంధుత్వ పిలుపులు, పాటలు, అప్పుకు సంబంధించిన మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు అనువాదకుడు ఏవి ఉంచాడు, ఏవి వివరించాడు, ఏవి వదిలేశాడు అన్న ప్రశ్నగా మార్చండి. ఇప్పుడు దేన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది, అధ్యాయాలు వాటంతట అవే విడిపోతాయి, ఒడియా మూలం చదవగల మీ శక్తి అర్హతగా నిలుస్తుంది. ఇక్కడ చూసుకోవలసింది పరీక్షకుడి సంగతి. ఒడియా, ఇంగ్లీషు రెండూ తెలిసిన పరీక్షకులు దొరకడం తేలికే, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ తెలిసినవారు కావలసిన విషయమైతే గైడు పరీక్షకుల ప్యానెలు తయారు చేయడంలో తంటాలు పడతారు. విషయం ఖరారు చేసేటప్పుడే "దీన్ని ఎవరు చదివి అంచనా కట్టగలరు?" అని గైడును అడగడం మేలు.

మూల్యాంకనం

థీసిస్ వరకు వెళ్ళేలోపు మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది కోర్సువర్క్, 12 నుండి 16 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, పరిశోధన-ప్రచురణ నైతికత ఇందులో తప్పనిసరి. 55 శాతం లేదా సమాన గ్రేడు రాకపోతే ముందుకు వెళ్ళనివ్వరు. పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు నుండి ఆరు గంటల బోధన లేదా పరిశోధన సహాయం అప్పగించవచ్చు. రెండోది పరిశోధన పురోగతిని సమీక్షించే సలహా సంఘం. ప్రతి సెమిస్టరులోనూ దాని ముందు చేసిన పని చూపించాలి. పని అసంతృప్తిగా ఉంటే సంఘం కారణాలు రాసి దిద్దుబాట్లు చెబుతుంది, అవి కూడా చేయకపోతే రిజిస్ట్రేషను రద్దుకు సిఫారసు చేయవచ్చు. పార్ట్‌టైమువారు జారిపోయేది ఇక్కడే. దూరాన ఉన్నవారు అధ్యాయం సగం రాసి, "వచ్చే సెమిస్టరులో చూపిస్తాను సార్" అని రెండు సమీక్షలు దాటేస్తే మూడో సమీక్షకు సంఘం ఓపిక సన్నగిల్లుతుంది. మూడోది సమర్పణకు ముందు జరిగే ప్రదర్శన. అక్కడ వచ్చిన సూచనలు చేర్చాకే థీసిస్ బయటికి వెళ్తుంది.

పరిశోధన వ్యాసాలు ప్రచురించి తీరాలన్న షరతు పాత నిబంధనల్లో ఉండేది, 2022లో దాన్ని తీసేశారు. అయితే చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత ఆర్డినెన్సుల్లో (నియమావళుల్లో) ఆ షరతు ఉంచుకున్నాయి కాబట్టి, చేరే చోట ఏముందో ఆ కాగితం అడిగి చదవండి. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలలో వ్యాసం వేయించుకుంటే వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) దాన్ని చూపించడానికే మొహం చెల్లదు.

సారూప్య పరీక్ష, అంటే థీసిస్‌లోని వాక్యాలు ఇతరుల రాతలతో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేరుతో చూసే పరీక్ష విషయంలో సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యత ఉంటే చర్య ఉండదు. 10 నుండి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుండి 60 దాకా ఉంటే ఏడాది పాటు సమర్పణ నిషేధం, 60 దాటితే రిజిస్ట్రేషను రద్దు. ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు వంటివి లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మాటలనూ మినహాయిస్తారు. సాఫ్ట్‌వేరుకు మాత్రం ఉటంకింపు గుర్తులుంటేనే అది ఉటంకింపని తెలుస్తుంది. నవల మీద రాసే అధ్యాయంలో పేజీకి రెండు మూడు చోట్ల మూలం నుండి వాక్యాలు తెస్తాం. వాటిలో ఒకదాన్ని గుర్తులు లేకుండా లోపలికి జరిపి పేరాగా పెట్టినా, ముగింపు గుర్తు మరచిపోయినా, రిపోర్టులో ఆ పేరా మొత్తం రంగు పూసుకుని కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చివరి పరీక్షకు ఇచ్చేముందే ఒక్కో అధ్యాయాన్ని విడిగా పరీక్షించుకునే వీలుందేమో అడగండి. చాలాచోట్ల శోధశుద్ధి పథకం కింద సాఫ్ట్‌వేరు గ్రంథాలయానికి అందుబాటులో ఉంటుంది.

థీసిస్‌ను గైడుతో పాటు సంస్థలో ఉద్యోగం చేయని ఇద్దరు బయటి పరీక్షకులైనా చదవాలి. వీలైన చోట వారిలో ఒకరు విదేశం వారై ఉండాలి. ఇద్దరూ అంగీకరిస్తే, వారు సూచించిన సవరణలు చేర్చాక వైవా జరుగుతుంది. ఒకరు తిరస్కరిస్తే ప్యానెలులోని మరో పరీక్షకుడికి పంపుతారు, ఆయనా ఒప్పుకోకపోతే థీసిస్ తిరస్కరణకు గురైనట్టే. వైవా బోర్డులో గైడు, ఇద్దరిలో కనీసం ఒక పరీక్షకుడు ఉంటారు. ఆన్‌లైనులో కూడా జరపవచ్చు. శాఖ అధ్యాపకులు, ఇతర పరిశోధకులు వచ్చి కూర్చోవచ్చు. సమర్పించిన నాటి నుండి ఆరు నెలల్లో ఈ తంతు అంతా ముగించాలని నియమం. రెండు విశ్వవిద్యాలయాలు సమానంగా తోచినప్పుడు నేనైతే ఈ ఆరు నెలల మాట ఎక్కడ నిలబడుతోందో, ఈ మధ్య పట్టా పుచ్చుకున్నవారిని అడిగి తేల్చుకుంటాను. పరీక్షకులకు కాపీలు పంపడంలో, వారి నివేదికలు రాబట్టడంలో పరీక్షల విభాగం చూపే చురుకుదనం ఏ బ్రోషరులోనూ ఉండదు.

బయటి దేశాల పద్ధతితో పోల్చుకునేవారికి కొద్దిగా చెబుతాను. బ్రిటనులో సాధారణంగా కోర్సువర్క్ ఉండదు. మొదటి ఏడాది చివర ఒక నిర్ధారణ సమీక్ష, ఆ తరువాత నేరుగా 80,000 నుండి లక్ష పదాల థీసిస్, ఒక లోపలి, ఒక బయటి పరీక్షకుడితో మూసిన గదిలో వైవా ఉంటాయి. అమెరికాలో రెండేళ్ళ తరగతులు, సమగ్ర పరీక్ష, ఆ పైన థీసిస్ కలిసి అయిదు నుండి ఏడేళ్ళు పడతాయి. డిగ్రీ తరగతులకు పాఠాలు చెబుతూ స్టైపెండు తీసుకుంటారు. మన పద్ధతి ఈ రెంటికీ మధ్యలో ఉంది. పూర్తి నిధులు దొరికితే వెళ్ళండి, అప్పు చేసి ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేటు కోసం వెళ్ళమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇక ఎవరికి ఏది అంటే, జేఆర్ఎఫ్ ఉండి ఇల్లు విడిచి ఉండగలిగినవారికి హైదరాబాదు. అనువాదం మీద, ఒడియా-తెలుగు సరిహద్దు సాహిత్యం మీద పనిచేయాలనుకుని ఫెలోషిప్పు లేనివారికి బరంపురం లేదా సునాబెడ, వీలైతే ఆంధ్రా కో-గైడుతో. శ్రీకాకుళం, విశాఖ వైపు బంధువులుండి, ఏపీఆర్‌సెట్ రాయగలిగి, రిజర్వేషను మీద ఆధారపడనివారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఇవన్నీ ఆయా చోట మీ విషయానికి సర్వీసు మిగిలిన, ఖాళీ ఉన్న గైడు దొరికితేనే. దొరకకపోతే మరో ఏడాది ఆగి నెట్ మళ్ళీ రాయడం నయం.

పట్టా చేతికి వచ్చాక చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి శోధగంగకు చేరిందో లేదో చూసుకోవడం, పట్టా 2022 నిబంధనల ప్రకారమే ఇచ్చామని తెలిపే ధ్రువపత్రాన్ని విశ్వవిద్యాలయం నుండి తీసుకోవడం. గట్టు అవతలి రాష్ట్రంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఒరిజినల్ పట్టాతో పాటు ఆ కాగితాన్నీ అడుగుతారు, కాన్వకేషను రోజునే దానికీ దరఖాస్తు ఇచ్చి రండి.